మరగబెట్టుకుని తాగిన డబ్బు

‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అంటాం. గవ్వ ఒకప్పుడు మన బజార్లలో చెల్లిన డబ్బే. కోత కూలీ గింజల్లో కొలిచిచ్చిన రోజులు మన తాతల తరానికి బాగా తెలుసు. గవ్వ చెల్లుతుంది గానీ ఆకలి తీర్చదు. గింజలు ఆకలి తీరుస్తాయి గానీ పురుగు పడతాయి, ఎలుకల పాలవుతాయి. ఈ రెండు పనులనూ ఒక్కటే చేసిన వస్తువు మంగోలియా గడ్డిమైదానాల్లో, టిబెట్ పీఠభూమి మీద శతాబ్దాలపాటు చేతులు మారింది. అదే తేయాకు ఇటుక.

విడి ఆకు దూరప్రయాణానికి లొంగదు. చోటు తినేస్తుంది, చెమ్మ పీలుస్తుంది, దారిలోనే నలిగి పొడి అవుతుంది. అందుకే చైనా వాళ్లు ఆకును అచ్చు పోయడం నేర్చుకున్నారు. ఆకును ఆవిరి పట్టి, దంచి, అచ్చులో నొక్కి, ఆరబెట్టే పద్ధతిని ఎనిమిదో శతాబ్దంలోనే లూ యూ తన తేయాకు గ్రంథంలో వివరించాడు. ఆవిరి తగిలితే ఆకు మెత్తబడుతుంది, అందులోని పెక్టిన్ లాంటి జిగురు పదార్థాలు పనిచేయడం మొదలుపెడతాయి. ఆ వేడిమీదే గట్టిగా నొక్కి, నిదానంగా ఆరనిస్తే వేరే బంక అక్కర్లేకుండానే ముద్ద బిగుసుకుంటుంది. బెల్లం అచ్చు చూసినవాళ్లకు దీని రూపం ఊహించడం కష్టం కాదు. కాకపోతే ఇది చెక్కలా గట్టిగా ఉంటుంది. పగలగొట్టడానికి కత్తో గొడ్డలో కావాలి.

1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్‌వూ, తన ఆస్థానానికి కానుకగా వచ్చే తేయాకు ఇకమీదట అచ్చుల్లో వద్దు, విడిగానే పంపమన్నాడు. చైనా లోపలి జనం క్రమంగా విడి ఆకుకు అలవాటుపడ్డారు. సరిహద్దు వ్యాపారంలో మాత్రం ఇటుకకు ఎదురులేకపోయింది. అక్కడ దానికి గుర్రాల బేరం ఉంది మరి. మింగ్‌ల కంటే ముందే, యుద్ధ గుర్రాలు చాలక ఇబ్బందిపడిన సోంగ్ వంశపు ప్రభుత్వం 1074లో సిచువాన్‌లో తేయాకు–గుర్రాల కార్యాలయమే పెట్టింది. టిబెట్ వాళ్లకు తేయాకు, చైనా సైన్యానికి గుర్రాలు!

ఆ తేయాకును కొండలు దాటించింది మనుషుల వీపులు. సిచువాన్‌లోని యాఆన్ నుంచి టిబెట్ దారిలోని కాంగ్‌డింగ్ దాకా కూలీలు ఒక్కొక్కరు 60 నుంచి 90 కిలోల మోపులు మోశారు, కొందరు అంతకు మించి. మోపు దించితే మళ్లీ ఎత్తుకోవడం ఒక్కడి వల్ల కాదు. అందుకని చేతిలో ఇంగ్లిష్ ‘T’ అక్షరం ఆకారపు ఊతకర్ర ఉండేది. నాలుగడుగులు వేసి, కర్రను వెనక్కి పెట్టి, మోపును దాని మీద ఆన్చి, నిలబడే ఊపిరి తీసుకునేవాళ్లు. ఆ కర్రల ఇనుప మొనలు తరతరాలుగా పొడిచీ పొడిచీ దారిలోని బండరాళ్లకు గుంటలు పడ్డాయి. ఇటుక విలువ గురించి ఎవరేం చెప్పినా నాకు ముందు ఆ గుంటలే గుర్తొస్తాయి.

ఎంత దూరం పోతే అంత విలువ. 1870లో మంగోలియాలోని ఉర్గా (నేటి ఉలాన్‌బాతర్) చేరిన రష్యన్ యాత్రికుడు ప్రజెవాల్‌స్కీ అక్కడి బజారును చూసి రాశాడు. అడవి గుర్రపు జాతికి పేరుగా మనకు తెలిసిన మనిషి ఆయనే. అక్కడ ధరలన్నీ ఇటుకల్లోనే పలికేవట: గొర్రెకు పన్నెండు నుంచి పదిహేను, ఒంటెకు నూట ఇరవై నుంచి నూట యాభై. చిల్లర కావాలంటే ఇటుకను కోసి ముక్కలు చేయడమే. బజారుకు పోవాలంటే డబ్బు సంచి చాలదు, బండి కావాల్సి వచ్చేది.

ఇంత బరువైన డబ్బును జనం ఎందుకు ఒప్పుకున్నారు? ఎప్పుడైనా, ఎవరికైనా అవసరపడుతుంది కాబట్టి. మాంసం, పాలే తప్ప కూరగాయలు పెద్దగా దొరకని ఆ చలిసీమల్లో టీ విలాసం కాదు, రోజువారీ ఆహారం. మంగోలు గుడారంలో ఇటుక ముక్కను రోట్లో దంచి, పెద్ద పాత్రలో మరిగించి, పాలు, ఉప్పు కలుపుతారు. టిబెట్‌లో వెన్న, ఉప్పు వేసి పొడవాటి గొట్టంలో చిలుకుతారు. వెండి నాణెం ఎవరూ పుచ్చుకోకపోతే వట్టి లోహమే. ఇటుక ఎవరూ పుచ్చుకోకపోయినా ఆ రాత్రి పొయ్యి మీదికెక్కుతుంది. నా దృష్టిలో దాని అసలు బలం అదే.

1860ల్లో రష్యన్ వర్తకులు చైనాలోని హాంకౌ ప్రాంతంలో సొంతంగా ఇటుకల కర్మాగారాలు పెట్టారు. తర్వాతి దశాబ్దంలో చేతి అచ్చుల స్థానంలోకి ఆవిరి యంత్రాల ఒత్తిడి వచ్చింది. గట్టిదనంలో, బరువులో తేడాలు తగ్గాయి. తుంచడానికి వీలుగా కొన్ని ఇటుకల వెనక గళ్లు గీశారు. ఆ తర్వాత రైళ్లు, ఓడలు ఒంటె బిడారుల పని లాక్కున్నాయి, ప్రభుత్వ నాణేలు పల్లెలకు చేరాయి. ఇటుక డబ్బుగా పోయింది, పానీయంగా మిగిలింది.

ఆ మిగలడంలోనే ఒక బాధ ఉంది. చౌక ఇటుకలకు వాడేది ముదురు ఆకు, కాడలు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. చిగురులో కొద్దిగా ఉంటే, ముదురు ఆకులో ఎన్నో రెట్లు పేరుకుంటుంది. రోజంతా ఆ టీనే తాగే టిబెట్, మంగోలియా పల్లెల్లో పళ్లు మచ్చలు పడటం, ఎముకలు బిగుసుకుపోవడం వైద్యులు గుర్తించారు. ఆ జబ్బు ఎలా ఉంటుందో నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. మనకది బావి నీళ్లలో వచ్చింది, వాళ్లకు టీ గిన్నెలో. ఇటుక టీలో ఫ్లోరైడ్ కిలోకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని చైనా 2005లో ప్రమాణం పెట్టింది. ప్రమాణం కాగితం మీద ఉంటే చాలదు. లేత ఆకుతో చేసిన ఇటుక, ముదురాకు ఇటుక ధరకే ఆ కొండపల్లెలకు చేరాలి.