ముందు బ్రేకులు.. తర్వాతే కర్టెన్లు!

పాత క్యాంపర్ వ్యాన్‌ను తొలి కొండ ప్రయాణానికి సిద్ధం చేయడంలో ఉద్యోగార్థులకూ పాఠాలున్నాయి

మీ చేతికి 50 ఏళ్ల నాటి వ్యాను ఒకటి వచ్చింది. అందులోనే పడక, స్టవ్వు, చిన్న అల్మరా. నెల తిరిగేసరికి దాన్ని రెండున్నర వేల మీటర్ల ఎత్తున్న కనుమ దాటించాలి. డబ్బు తక్కువ, టైమ్ అంతకన్నా తక్కువ. మొదట ఏ పని పెట్టుకుంటారు?

చాలామంది రంగు వేయించడంతో మొదలుపెడతారు. సీట్లకు కొత్త బట్ట, కిటికీలకు కర్టెన్లు... పైకి కనిపించేవి కదా! కానీ కొండ మీద ప్రాణం కాపాడేవి కనిపించని భాగాలు. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడమే ఇక్కడ అసలు పరీక్ష.

బండి ఏది? దారి ఏది?

ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2నే తీసుకుందాం. జర్మనీలో 1950లో తయారీ మొదలైన ఈ వ్యాన్‌ను ఇల్లులా మార్చుకుని తిరగడమంటే యూరప్‌లో ఇప్పటికీ ముచ్చటే. 1970ల నాటి మోడల్‌లో 1600 సీసీ ఇంజిన్ వెనక ఉంటుంది. శక్తి దాదాపు 50 హార్స్‌పవర్. రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడాలి. మనుషులు, సామానుతో కలిపి బరువు రెండు టన్నులకు చేరుతుంది.

ఇక దారి ఆస్ట్రియాలోని గ్రాస్‌గ్లాక్నర్ పర్వత రహదారి. 1935లో ప్రారంభమైంది. పొడవు 48 కి.మీ., హెయిర్‌పిన్ మలుపులు 36. హోక్‌టోర్ దగ్గర ఎత్తు 2504 మీటర్లు.

1. ఆపే భాగాలు

‘బండి ఎక్కుతుందా?’ అనేదే అందరి భయం. ఎక్కలేకపోతే ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతేనే ముప్పు! హోక్‌టోర్ నుంచి అవతలి హైలిగెన్‌బ్లూట్ ఊరికి దిగాల్సిన ఎత్తు సుమారు 1200 మీటర్లు. ఇంటర్‌లో చదివిన స్థితిశక్తి సూత్రంతో లెక్క కడితే రెండు టన్నుల బండికి దాదాపు 2.35 కోట్ల జౌళ్లు వస్తుంది. 70 లీటర్ల చల్లటి నీటిని మరిగించడానికి సరిపోయేంత శక్తి ఇది. దీన్నంతా బ్రేకుల మీదే వేయకూడదు. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి అంటారు మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరి పెడల్ కిందికి జారిపోతుంది. కాబట్టి పాత ఫ్లూయిడ్ మొత్తం మార్చాలి. రబ్బరు గొట్టాలు, షూలు చూడాలి. టైరు గుండీలు చూసి మోసపోవద్దు. పక్కన ఉండే నాలుగు అంకెల్లో తయారీ వారం, సంవత్సరం ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటితే గుండీలు బాగున్నా మార్చాల్సిందే.

2. మంటకు కారణమయ్యేవి

ఇంజిన్ దగ్గరి పెట్రోలు గొట్టాలు ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారతాయి. కారిన పెట్రోలు వేడి ఇంజిన్‌పై పడితే మంటే. ఈ ఇంజిన్ కేసు మెగ్నీషియం మిశ్రమలోహం, అంటుకుంటే ఆర్పడం కష్టం. తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పని వాయిదా వేయొద్దు. చలికి తలుపులు బిగించి స్టవ్వు వెలిగించి పడుకోవడం ఇంకో ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అలారం తప్పనిసరి.

3. నడిపే భాగాలు

ఈ బండిలో ఛార్జింగ్‌కూ, చల్లబరిచే ఫ్యాన్‌కూ ఒకటే బెల్టు. ఛార్జింగ్ ఎర్ర లైటు వెలిగితే ‘బ్యాటరీయే కదా, తర్వాత చూద్దాం’ అనుకోకూడదు. వెంటనే ఆపాలి. స్పేర్ బెల్టు, దాన్ని బిగించే పానా బండిలోనే ఉండాలి. మార్చడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడి ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం శక్తి తగ్గుతుంది. కనుమ పైన 50 హార్స్‌పవర్‌లో మిగిలేది 38 లోపే. నెమ్మదిగా వెళ్లడానికి మనసును కూడా సిద్ధం చేసుకోవాలి.

4. సౌకర్యాలు

కర్టెన్ల వంతు ఇప్పుడు! అయితే ప్రతి వస్తువూ బరువే. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. పూర్తిగా నింపాక వేబ్రిడ్జి మీద ఒకసారి తూయించండి.

రిహార్సల్ లేకుండా వెళ్లొద్దు

అసలు ప్రయాణానికి ముందు పూర్తి బరువుతో వంద కిలోమీటర్లు తిరగాలి. తర్వాత దగ్గర్లోని చిన్న కొండ ఎక్కి దిగాలి. ఒక రాత్రి బండిలోనే పడుకోవాలి. దిగాక ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే విపరీతంగా వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోందన్నమాట. ప్రతి లోపాన్నీ పుస్తకంలో రాసుకుని, సరిచేసి, మళ్లీ నడపాలి. మాక్ ఇంటర్వ్యూ చేసే పని కూడా ఇదే. తప్పులు ఇంటి దగ్గరే బయటపడాలి.

ఇంటర్వ్యూలో అడిగితే..

‘టైమ్, డబ్బు రెండూ తక్కువ. పనులేమో పది. ఏది ముందు చేస్తారు?’ ఏ బ్రాంచి వారికైనా ఎదురయ్యే ప్రశ్నే ఇది. ‘అన్నీ చేస్తాను’ అనేది జవాబు కాదు. ఏది విఫలమైతే ఎక్కువ నష్టమో ముందు చెప్పండి. ఎలా పరీక్షిస్తారో చెప్పండి. దేన్ని వాయిదా వేస్తారో, ఎందుకో ధైర్యంగా చెప్పండి.

ఇదే ప్రశ్న మీ సన్నద్ధతకూ వేసుకోండి. రెజ్యూమె రంగులు, ఫాంట్లు మార్చడానికి ఎన్ని గంటలు పెట్టారు? బలహీనంగా ఉన్న సబ్జెక్టుకు ఎన్ని? కర్టెన్ల పని ముందు పెట్టుకున్నట్టు తేలితే, ఈరోజే వరస మార్చండి.