పాతబడుతున్న డిస్కులు: చిత్రాలను కాపాడుకునేదెలా?

మధ్యతరగతి కుటుంబాలు ఒకప్పుడు అపురూపంగా కొని దాచుకున్న సినిమా డిస్కులకు ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. డిస్కు చెడినా, దానిని ఆడించే యంత్రం మూలబడినా అందులోని చిత్రం యజమానికి దక్కదు. ఆ స్థితి రాకముందే వాటిని కంప్యూటరు ఫైళ్లుగా మార్చి భద్రపరచుకోవడం అవసరమవుతోంది.

వీసీడీ 1993లోనూ, డీవీడీ 1996లోనూ ప్రపంచ విపణిలో ప్రవేశించాయి. మన దేశంలో వీటిని సామాన్యునికి చేరువ చేసిన ఘనత మోజర్ బేర్ సంస్థకు దక్కుతుంది. 2007 ప్రాంతంలో ఆ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు విక్రయించి సంచలనం సృష్టించింది. కాగా, అదే సంస్థ అప్పుల్లో కూరుకుపోయి 2018లో మూతపడింది. ఇంటర్నెట్ ద్వారా చిత్రాలు చూసే అలవాటు పెరగడంతో డిస్కుల గిరాకీ అడుగంటింది. అయితే, పాత చిత్రాలన్నీ ఇంటర్నెట్‌లో లభించడం లేదు. లభించేవి సైతం హక్కుల ఒప్పందం ముగియగానే మాయం కావచ్చు.

డిస్కు శాశ్వతం కాదు. అందులోని పలుచని అల్యూమినియం పొరకు గాలి, తేమ తగిలితే తుప్పు పడుతుంది. వీసీడీలో ఈ పొర బొమ్మ ముద్రించిన వైపు పైభాగానే ఉంటుంది. కనుక ఆ వైపు పడిన గీత మరింత ప్రమాదకరం. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఉంటుంది.

ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల దానిలో 8.5 గిగాబైట్ల సమాచారం పడుతుంది. 2003లో రూపొందిన హెచ్.264 పద్ధతిలో, దాదాపు అదే నాణ్యతతో, చిత్రాన్ని సుమారు సగం పరిమాణానికి కుదించవచ్చు. దృశ్యంలో కదలని గోడను ప్రతి చట్రంలోనూ మళ్లీ నమోదు చేయక, కదిలే మనిషి కదలికలను మాత్రమే నమోదు చేయడం ఇందులోని కీలకం. కుదింపులో పోయిన సూక్ష్మ వివరాలు మాత్రం తిరిగి రావు. అందుచేత ఫైలును పదేపదే కుదించరాదు. వీసీడీలోని బొమ్మ స్పష్టత ముందే తక్కువ కనుక దానిని కుదించకుండా ఉన్నదున్నట్లు నకలు చేయడమే మేలు.

ఇక చట్టం మాటేమిటి? సొంత వినియోగం కోసం న్యాయబద్ధంగా వాడుకోవడాన్ని 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తోంది. 2012 నాటి సవరణ ఈ వెసులుబాటును సినిమాలకూ విస్తరించింది. అదే సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదించిన వారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చునంటోంది. అమెరికాలో 1998 నాటి చట్టం మరింత కఠినమైనది. అక్కడ ఉద్దేశంతో నిమిత్తం లేకుండా తాళం ఛేదించడమే నిషిద్ధం. మన చట్టం ఉద్దేశానికి ప్రాధాన్యమిచ్చినప్పటికీ, ఇంటి డిస్కుకు నకలు తీసుకోవచ్చునని విడిగా పేర్కొనలేదు. నకళ్లను అమ్మినా, ఇంటర్నెట్‌లో ఉంచినా నేరమే అవుతుంది.

నకలు తీసినంత మాత్రాన బాధ్యత తీరదు. హార్డ్‌డిస్కు కూడా ఒకనాటికి చెడిపోయేదే. ఫైళ్లను రెండు వేర్వేరు పరికరాల్లో ఉంచి, అసలు డిస్కును కొనుగోలుకు సాక్ష్యంగా దాచుకోవడమే వివేకం. చెడిన డిస్కు నుంచి చిత్రాన్ని రాబట్టడం కష్టసాధ్యం. బాగున్నప్పుడే ఆ పని పూర్తి చేయాలి.