మీ నైట్రోజన్ లెక్క మీ మణికట్టుకే

హావ్‌లాక్ దీవి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్)లో మూడో రోజు పొద్దున. ట్యాంకులు బోటెక్కాయి, ఫిన్స్ తొడుక్కోవడమే తరువాయి. అప్పుడే నా చేతికున్న డైవ్ కంప్యూటర్ తెర ఆరిపోయింది. నేనేం కంగారు పడలేదు. ఇంజినీరింగ్ చదివినోణ్ని కదా! బ్యాగులో స్పేర్ సెల్ ఉంది. నాణెంతో మూత తిప్పి, సెల్ మార్చి, వెలిగిన తెరను గర్వంగా చూపించా. మా డైవ్‌మాస్టర్ కుర్రాడిది తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. అతను దానివైపు చూసి ఒకే ప్రశ్న అడిగాడు.

‘అన్నా, సెల్లు మార్చారు సరేగానీ, నిన్నటి నైట్రోజన్ దీనికి గుర్తుందా?’

లేదు. అంతకుముందు రెండు రోజుల్లో నాలుగు డైవ్‌లు చేశా. ఆ నైట్రోజన్ ఇంకా నా ఒంట్లో ఉంది. కంప్యూటర్ మాత్రం సెల్ మారగానే అంతా మర్చిపోయి, నన్ను ఇప్పుడే ఇంటి నుంచి వచ్చిన కొత్త మనిషిగా లెక్కేస్తోంది. ‘ఇరవై నాలుగు గంటలు ఆగాల్సిందేనన్నా’ అన్నాడు. డబ్బు కట్టేసిన రెండు డైవ్‌లు పోయాయి. అందరూ నీళ్లలోకి దూకుతుంటే నేను బోట్లో కూర్చుని కొబ్బరి బిస్కెట్లు తిన్నా. ఓ సీనియర్ దగ్గర ఏడు వేలకే వచ్చిందని మురిసిపోయి కొన్న సెకండ్ హ్యాండ్ ముక్క అది. బ్యాటరీ గుర్తు ముందురోజే మినుకుమినుకుమంటున్నా పట్టించుకోలేదు. తప్పు నాదే.

విశాఖ రుషికొండ దగ్గరో, పుదుచ్చేరిలోనో, మురుడేశ్వర్ పక్కన నేత్రాణి దీవిలోనో స్కూబా నేర్చుకుంటున్న మన కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు ఈమధ్య తరచూ కనిపిస్తున్నారు. ‘బ్రో, తక్కువలో మంచి డైవ్ కంప్యూటర్ ఏది?’ అని అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. మోడల్ పేరు చెప్పే ముందు అది ఏం లెక్క కడుతుందో తెలియాలి. అది తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

కెపాసిటర్ చార్జ్ అయినట్టే

నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. 18 మీటర్ల దగ్గర మొత్తం 2.8 బార్. ఆ ఒత్తిడిలో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది. మరీ ఎక్కువసేపు ఉండి, గబుక్కున పైకొస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడతాయి. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. దీన్నే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. చికిత్సకు రీకంప్రెషన్ చాంబర్ కావాలి. అది ప్రతి ఊళ్లోనూ ఉండేది కాదు.

దీనికి లెక్క కట్టిన తొలివారిలో ముఖ్యుడు బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్. మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో పట్టికలు ప్రచురించాడు. శరీరాన్ని వేర్వేరు వేగాలతో నైట్రోజన్ పీల్చుకునే భాగాలుగా ఊహించుకోవడం ఆయన ఆలోచన. ఆ దారిలోనే స్విట్జర్లాండ్ డాక్టర్ బూల్‌మన్ తయారుచేసిన మోడల్‌లో అలాంటి భాగాలు 16. ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకి ఇది పాత చుట్టమే. ఒక్కో భాగమూ ఒక్కో ఆర్‌సీ సర్క్యూట్. అయిదు నిమిషాల హాఫ్ టైమ్ ఉన్న భాగం అరగంటలో 98 శాతం నిండిపోతుంది. 635 నిమిషాల హాఫ్ టైమ్ ఉన్నది అదే అరగంటలో 3 శాతమే నిండుతుంది. నిండడానికి ఎంత టైమో, ఖాళీ అవడానికీ దాదాపు అంతే. నిన్నటి డైవ్ ఇవాళ్టి లెక్కలోకి ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా!

చేతికున్న కంప్యూటర్ కొన్ని సెకన్లకోసారి లోతు కొలిచి, ఈ భాగాలన్నిటి లెక్కా మళ్లీ కట్టి, ‘ఇంకా ఇన్ని నిమిషాలు ఉండొచ్చు’ అని చూపిస్తుంది. పాత అట్ట పట్టికలు ఆ పని చేయలేవు. ఉదాహరణకు పాడి సంస్థ పట్టిక ప్రకారం 18 మీటర్లకు హద్దు 56 నిమిషాలు. మీరు 18 మీటర్ల దగ్గర ఉన్నది పది నిమిషాలే అయినా, మిగతా టైమంతా 8 మీటర్ల దగ్గర చేపలు చూస్తూ గడిపినా, పట్టిక మాత్రం మొత్తం 18 మీటర్లలోనే ఉన్నారనుకుంటుంది. కంప్యూటర్ మీరు నిజంగా ఉన్న లోతునే లెక్కలోకి తీసుకుంటుంది.

అందుకే ఇద్దరికి ఒక కంప్యూటర్ కుదరదు. ‘నేను వాడి పక్కనే ఉంటా కదా’ అంటారు. మీరు రెండు మీటర్లు కిందకి జారినా మీ లెక్క వేరు. పక్కవాడి హాల్‌టికెట్‌తో పరీక్ష రాయగలమా?

ముందసలు కొనాలా?

ఒక్కసారి సరదాగా దూకి ఫొటో దిగేవాళ్లు కొనక్కర్లేదు. ఆ ట్రయల్ డైవ్ 12 మీటర్ల లోపే ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్ మీ పక్కనే ఉంటారు. ఓపెన్ వాటర్ కోర్సు చేసేటప్పుడు డైవ్ షాప్ వాళ్లే ఇస్తారు. కోర్సు అయ్యాక ఏడాదికి నాలుగైదు రోజులైనా డైవ్ చేస్తామనుకుంటే, అప్పుడు కొనండి. ముందుగా ముఖానికి సరిపోయే మాస్క్, ఆ తర్వాత కంప్యూటర్. రెగ్యులేటర్, జాకెట్ అద్దెకు తీసుకున్నా నడుస్తుంది.

ఇంకో మాట. మీ చేతికున్న స్మార్ట్ బ్యాండ్ మీద ‘5 ఏటీఎం’ అని ఉంటే అది 50 మీటర్ల లోతుకు డైవ్ చేయమని కాదు. అది స్విమ్మింగ్ పూల్ వరకే. 200 మీటర్లు తట్టుకునే అసలైన డైవింగ్ వాచీ అయినా టైమ్ చూపిస్తుంది తప్ప నైట్రోజన్ లెక్క కట్టదు. యాపిల్ వాచ్ అల్ట్రా సంగతి వేరు. ఓషియానిక్ ప్లస్ యాప్ వేస్తే 40 మీటర్ల వరకు డైవ్ కంప్యూటర్‌గా పనిచేస్తుంది. కానీ మనం బడ్జెట్ గురించి మాట్లాడుకుంటున్నాం.

తక్కువ ధరలో ఏం చూడాలి?

చవక కంప్యూటర్‌కీ ఖరీదైనదానికీ తేడా ప్రాణరక్షణలో ఉందనుకుంటారు చాలామంది. సరదా డైవింగ్‌కి అది నిజం కాదు. నో డికంప్రెషన్ టైమ్, పైకొచ్చే వేగం మించితే హెచ్చరిక, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, నైట్రాక్స్ సెట్టింగ్, ఎంతసేపు విమానం ఎక్కకూడదో చూపించడం... ఇవన్నీ పేరున్న కంపెనీల అట్టడుగు మోడళ్లలోనూ ఉన్నాయి. ఎక్కువ డబ్బు పెడితే వచ్చేవి రంగుల తెర, చార్జింగ్ బ్యాటరీ, బ్లూటూత్, ట్యాంకులో గాలి ఎంతుందో చేతిమీదే చూపే ట్రాన్స్‌మిటర్. ఆఖరిది స్టూడెంట్‌కి అస్సలు అవసరం లేదు. గొట్టానికి ప్రెజర్ గేజ్ ఎలాగూ వేలాడుతుంటుంది.

నేనైతే మొదట చూసేది సెల్. మనమే మార్చుకోగలిగేదై ఉండాలి, ఆ సెల్ మన ఊళ్లో దొరకాలి. సర్వీస్ సెంటర్‌కే పంపాల్సిన మోడల్ అయితే కొరియర్ ఖర్చు, రెండు మూడు వారాల ఎదురుచూపు కూడా ధరలో కలుపుకోండి. రెండోది అంకెల సైజు. షాపు లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇసుక లేచి నీళ్లు ఆకుపచ్చగా మారిన రోజున, మాస్క్ లోపలి నుంచి చూసినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మూడోది బటన్లు.

క్రెస్సీ లియోనార్డోకి ఒకే బటన్. పెద్ద అంకెలు, సీఆర్2430 సెల్ మనమే మార్చుకోవచ్చు. సెట్టింగ్ మార్చాలంటే మాత్రం అదే బటన్ నొక్కి నొక్కి వేలు నొప్పెడుతుంది. మేరెస్ పక్ ప్రో కూడా ఒక్క బటన్‌దే. సుంటో జూప్ నోవోకి నాలుగు బటన్లు. చేతిమీద కాస్త బండగా ఉంటుంది కానీ చీకట్లో కూడా తడుముకుని వాడొచ్చు. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా తప్పులేదు. విదేశీ ధరలు చూసి ఆశపడకండి, కస్టమ్స్ సుంకం కలిపితే లెక్క మారిపోతుంది. వీటికి రెట్టింపుకు పైగా పెట్టగలిగితే షీర్‌వాటర్ పెరిగ్రిన్ ఉంది. రంగుల తెర అద్భుతం, వైర్‌లెస్ చార్జింగ్. నాకు దానిమీద మనసుంది, జీతమే ఇంకా ఒప్పుకోవట్లేదు.

సెకండ్ హ్యాండ్ కొంటే సెల్ మూత తెరిపించి చూడండి. లోపల పచ్చగా తుప్పు ఉంటే నీళ్లు దూరినట్టే, వదిలేయండి. మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ కొత్తది దొరుకుతుందో లేదో కనుక్కోండి. ఆ తర్వాత షాప్ కంప్యూటర్ పక్కన కట్టుకుని ఒక డైవ్ చేసి లోతులు పోల్చుకోండి. పేరు తెలియని బ్రాండ్లు ఆన్‌లైన్‌లో ఎంత చవకగా వచ్చినా నేను ముట్టుకోను. ఏ లెక్క వాడుతుందో మాన్యువల్‌లో కూడా రాయనిదాన్ని నమ్మి 18 మీటర్లు ఎలా దిగను?

కొన్నాక సేఫ్టీ ఫ్యాక్టర్‌ని ఒక మెట్టు పెంచుకోండి. రాత్రి నిద్రలేదనీ, నీళ్లు సరిగ్గా తాగలేదనీ ఆ కంప్యూటర్‌కి తెలీదు. తిరుగు ప్రయాణం టికెట్ కూడా ముందే చూసుకోవాలి. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన.

ఉద్యోగం సంగతి

దీన్నే వృత్తి చేసుకుందామనుకునేవాళ్లకి: పాడి పద్ధతిలో డైవ్‌మాస్టర్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, 60 డైవ్‌లు లాగ్‌లో ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100. అక్కడిదాకా వెళ్లాలనుకుంటే నైట్రాక్స్ సెట్టింగ్, లాగ్‌ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకునే వీలు ఉన్న మోడల్ తీసుకోండి. చవక మోడళ్లకి ఆ కేబుల్ విడిగా కొనాల్సి వస్తుంది, అడిగి తెలుసుకోండి. వానాకాలంలో అండమాన్‌లో పని తగ్గిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. మా డైవ్‌మాస్టర్ ఆ నెలల్లో కంప్రెసర్లు రిపేర్ చేస్తాడు.

నీళ్లంటే భయమున్న కోడింగ్ వాళ్లకీ ఇందులో చోటుంది. డైవ్ లాగ్‌లు భద్రపరిచే సబ్‌సర్ఫేస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని 2011లో మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. ఆయనా డైవరే. సీ ప్లస్ ప్లస్, క్యూటీ వచ్చినవాళ్లు అందులో ఒక చిన్న బగ్ సరిచేసినా రెజ్యూమేలో చెప్పుకోవడానికి ఉంటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి వెతుకుతుంటే ఎంఎస్5837 ప్రెజర్ సెన్సర్, ఒక ఈఎస్‌పీ32 బోర్డుతో లోతు కొలిచే లాగర్ చేయొచ్చు. బకెట్‌లో, బావిలో తాడు కట్టి దించండి. దాన్ని నమ్మి మీరు మాత్రం దిగకండి.

నేను ఆ ఏడు వేల ముక్కని డ్రాయర్‌లో పడేసి, తర్వాతి బోనస్‌తో లియోనార్డో కొన్నా. ఇప్పుడు ట్రిప్‌కి వారం ముందే ఇంట్లో, పొడి చేతులతో కొత్త సెల్ వేస్తా. మాస్క్ డబ్బాలో ఇంకో రెండు సెల్లు, ఒక ఓ-రింగ్ ఉంటాయి. పోయినసారి మాత్రం అవి నాకు కాదు, మా బ్యాచ్‌లో బెంగళూరు నుంచి వచ్చిన అమ్మాయికి పనికొచ్చాయి. ఇంకా మొదటి డైవ్ కూడా అవలేదు కాబట్టి, ఆమె సెల్ మార్చుకుని మాతోపాటే దూకింది.