గోదావరి సీమలో పాత రేడియోను నెలకొల్పుట



మన గోదావరి మండలములలో నేటికిని అనేక గృహములయందు అటకమీదనో, భోషాణము ప్రక్కనో, దుప్పటి కప్పుకొని యొక చెక్కపెట్టె కూర్చుండియున్నది. అది తాతగారి నాటి వాల్వుల రేడియో. ఫిలిప్సు, మర్ఫీ, జి. ఇ. సి., హెచ్. ఎం. వి. - పేరేదియైనను, ఒకనాడు వీధివారందఱును అరుగుమీద చేరి వినిన పెట్టె యది. దానిని దింపి, దుమ్ము తుడిచి, మఱల పలికింపవలెనను కోరిక యిటీవల పలువురకు కలుగుచున్నది. కోరిక మంచిదే. కాని ఆ కోరికతో జనులు మొట్టమొదట చేయు పని యొకటి కలదు: తీగను గోడలోని ప్లగ్గునకు తగిలించి మీట త్రిప్పుట. అఱువది డెబ్బది యేండ్లు చెడక నిలిచిన యంత్రము ఆ యొక్క నిమిషములో కాలిపోవచ్చును. త్రిప్పిన చేతికిని అపాయము రావచ్చును. కావున ఏ పని ముందు, ఏ పని వెనుక చేయవలయునో ఈ ప్రసంగములో వివరించెదను.

ముందుగా ఒక్క మాట జ్ఞాపకముంచుకొనుడు. ఈ డెల్టాలో రేడియోకు శత్రువును నీరే, మిత్రమును నీరే. గాలిలోని తేమ శత్రువు. నేలలోని తడి మిత్రము. మొదటిదానిని పెట్టెలోనుండి వెడలగొట్టుట, రెండవదానిని తీగతో పెట్టెకు తెచ్చుట - మనము చేయవలసిన పనిలో సగము ఇదియే.

ఈ పెట్టెల ముఖమున నున్న అద్దపు పలకమీద మీడియం వేవు, షార్టు వేవు అని రెండు మూడు వరుసల అంకె లుండుటకు కారణము కలదు. 1938 జూన్ 16వ తేదీన మదరాసున ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనపుడు దాని మీడియం వేవు ప్రసారశక్తి 250 వాట్లు మాత్రమే. అది నగరమునకును పరిసరములకును చాలునది. దూరపు జిల్లాల కొఱకు 10 కిలోవాట్ల షార్టు వేవు ప్రసారము నేర్పఱచిరి. కావున రాజమహేంద్రవరమునను కాకినాడయందును మదరాసు తెలుగు కార్యక్రమములు వినగోరినవారికి షార్టు వేవు గల సెట్టు అవసరమైనది. నిడదవోలున 1920లో జన్మించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో ఉద్యోగమున చేరినదియు ఆ మదరాసు కేంద్రముననే. పిమ్మట 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినది. అప్పటినుండి మీడియం వేవు మన యిండ్లకు దగ్గఱ చుట్టమైనది.

ఇక పనిలోనికి వత్తము. మొదటి పని చూచుట. ప్లగ్గు తీసియుండగా సెట్టు వెనుకనున్న అట్ట విప్పి, లోపల దీపము వేసి చూడుడు. రేడియోలు మూడు విధములు. ఎ. సి. కరెంటుతో మాత్రమే నడుచునవి కొన్ని, ఎ. సి., డి. సి. రెంటితోను నడుచునవి కొన్ని. బ్యాటరీతో మాత్రమే నడుచునవి కొన్ని. విద్యుద్దీపములు లేని కాలమున పల్లెలలో వాడినవి ఈ కడపటివి. వాల్వు గాజుమీద వ్రాసియున్న అక్షరమే వీని జాతిని చెప్పును. ఐరోపా వాల్వులలో పేరు 'ఇ' అక్షరముతో మొదలైన, ప్రాయికముగా అది ట్రాన్స్‌ఫార్మరు గల ఎ. సి. సెట్టు. 'డి' అక్షరముతో మొదలైన అది బ్యాటరీ సెట్టు. వీనిలో చాలవానికి 90 వోల్టుల బ్యాటరీ యొకటియు, ఒకటిన్నర వోల్టు బ్యాటరీ యొకటియు కావలయును. ఇట్టిదానిని గోడ కరెంటునకు ఎన్నడును తగిలింపరాదు. 'యు' అక్షరముతో మొదలైన అది ఎ. సి., డి. సి. సెట్టు. అమెరికా సెట్లలో 12, 35, 50 అను అంకెలతో మొదలగు వాల్వులు కలిసియున్న నదియు ఈ జాతిదే.

ఈ 'యు' జాతి సెట్టు విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. దీనిలో కరెంటును వేఱుచేయు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. గోడనుండి వచ్చు రెండు తీగలలో నొకటి లోపలి ఇనుపచట్రమునకే తగిలియుండును. ప్లగ్గు ఒకవైపు పెట్టిన చట్రము నిరపాయము. త్రిప్పి పెట్టిన చట్రమంతయు 230 వోల్టుల కరెంటు. ముందువైపు మరబిళ్ల ఊడిపోయి, ఇనుప కడ్డీ బయటపడిన సెట్టును పిల్లలు ముట్టుకొనిన ప్రాణాపాయము. అట్టి సెట్టునకు మరబిళ్లలు, వెనుక అట్ట, అడుగు అట్ట సరిగా అమర్చనిదే వాడుకకు తేరాదు. సెట్టు ఏ జాతిదో సందేహమున్నచో మెకానిక్కుచేత మీటరు పెట్టించి నిర్ణయింపుడు.

ఎ. సి. సెట్లకు వెనుకవైపున వోల్టేజి మార్చు చిన్న బిళ్ల యుండును. దానిమీద 110 మొదలు 250 వఱకు అంకెలుండును. మన యిండ్లలోని కరెంటు 230 వోల్టులు. బిళ్ల 230 దగ్గఱనో, అది లేనిచో 240 దగ్గఱనో ఉండవలయును. విదేశమునుండి తెచ్చిన సెట్టు 110 దగ్గఱ ఉండిపోయిన, మీట త్రిప్పిన కొద్దిసేపటిలో ట్రాన్స్‌ఫార్మరు పొగ చిమ్మును.

రెండవ పని శుభ్రము చేసి ఆఱబెట్టుట. మన ప్రాంతపు సెట్లలో బొద్దింకలు, కందిరీగల మట్టిగూళ్లు, ఎలుకలు కొఱికిన తీగలు, పెట్టె అడుగున చెదలు - ఇవి సామాన్యము. మెత్తని కుంచెతో దుమ్ము దులుపుడు, తడిగుడ్డ వాడకుడు. ఏ వాల్వు ఏ గూటిలోనిదో కాగితముమీద గుర్తు వ్రాసికొని, పిదప తీసి తుడువుడు. గాజుమీది అంకెలు తుడిచిన చెఱిగిపోవును. అచ్చట చేయి పెట్టరాదు. వాల్వు పైభాగమున గాజునకు లోపల వెండివలె మెఱయు పూత యుండును. అది పాలవలె తెల్లబడినచో లోపలికి గాలి చొరబడినదనియు, ఆ వాల్వు పనికిరాదనియు తెలిసికొనుడు.

ఆఱబెట్టుటకు వానకాలము తగదు. మాఘ ఫాల్గుణ మాసములలో గాలి కొంత పొడిగా నున్నపుడు, వెనుక అట్ట తీసి, గాలి వచ్చు గదిలో బల్లమీద వారము దినములుంచుడు. ఎండలో మాత్రము పెట్టరాదు. ఏలయన ఎండకు చెక్కపొర విచ్చిపోవును, కండెన్సర్లమీది మైనము కరగును, స్పీకరు కాగితము పెళుసగును.

మూడవ పని మెకానిక్కుది. తేమ చేయు కీడు కంటికి కానరాదు. లోపల కాగితపు కండెన్సర్లనునవి కొన్ని గలవు. కాగితము తేమను పీల్చుకొనును; ఆపవలసిన కరెంటు నది కొంచెము కొంచెముగా జాఱనిచ్చును. చివరి వాల్వునకు ముందున్న కండెన్సరు ఇట్లు జాఱవిడిచినచో ఆ వాల్వు మితిమీఱి వేడెక్కి చెడును. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు వేఱొక జాతి. అవి యేండ్ల తరబడి వాడుక లేక యుండిన తమ లోపలి పూతను కోల్పోవును. వానిమీద ఒక్కసారిగా నిండు వోల్టేజి పడినచో అవి షార్టయి, తమతో కూడ ట్రాన్స్‌ఫార్మరును కాల్చివేయును. ప్లగ్గు పెట్టరాదని మొదటనే చెప్పినది ఇందువలననే. ఈ రెండు జాతుల కండెన్సర్లను ముందుగా క్రొత్తవానితో మార్పించుట ఉత్తమము. అవి స్వల్పమైన వెలకే దొరకును, ట్రాన్స్‌ఫార్మరు దొరకదు. అట్లే స్పీకరునకు అంటియుండు చిన్న ట్రాన్స్‌ఫార్మరులోని సన్ననితీగ తేమకు పచ్చని చిలుము పట్టి తెగిపోవుట మన తీరప్రాంతమున తఱచు. వాల్వులన్నియు వెలిగియు సెట్టు మూగగా నున్నచో దీనినికూడ పరీక్షింపవలయును.

మొదటిసారి కరెంటు పెట్టుటకు మెకానిక్కులు సీరీసు దీపమును వాడుదురు. అనగా సెట్టునకు వచ్చు తీగలలో ఒకదానిని త్రెంచి, నడుమ 60 లేక 100 వాట్ల పాత రకపు ఫిలమెంటు బల్బును చేర్చుట. ఎల్. ఇ. డి. బల్బు ఈ పనికి రాదు. మీట త్రిప్పగానే బల్బు ఒక్కసారి వెలిగి పిమ్మట మందగించిన మంచి గుర్తు. నిండుకాంతితో నిలిచిపోయిన లోపల షార్టున్నదని యర్థము, వెంటనే ఆపవలయును. బల్బు అడ్డుగా నున్నందున సెట్టు కాలదు. నడుచుచున్న వాల్వుసెట్టులో 250 వోల్టుల వఱకు, కొన్నిట అంతకు మించియు కరెంటుండును. ప్లగ్గు తీసిన పిదపగూడ అది కండెన్సర్లలో కొంతసేపు నిలిచియుండును. కావున విద్య నేర్వనివారు లోపల వ్రేలు పెట్టరాదు.

నాల్గవ పని ఏరియలు. పెరటిలో 25 అడుగుల యెత్తున, 40 అడుగుల పొడవు రాగితీగను రెండు గుంజల నడుమ కట్టి, రెండుకొనలను పింగాణి గుడ్లు తగిలింపవలయును. మన యిండ్లలో గుంజకు బదులు కొబ్బరిచెట్టును వాడుట వాడుక. కాని చెట్టు గాలికి ఊగును. బిగించి కట్టిన తీగ తెగును. దీనికి ఉపాయమేమనగా, నూతిగిలక వంటి చిన్న గిలకను చెట్టునకు కట్టి, తీగకొనకు చేర్చిన త్రాడును దానిమీదుగా వేసి, క్రిందికొనకు రాయి వ్రేలాడగట్టుట. చెట్టూగినపుడు రాయి లేచి దిగును, తీగ తెగదు. తుపాను వార్త వినినంతనే ఏరియలును దింపివేయుడు. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమలో తోటలకు తోటలనే నేలగూల్చినది. ఎట్టి పరిస్థితులలోను కరెంటుతీగలకు పైగా గాని, క్రిందుగా గాని, దగ్గఱగా గాని ఏరియలు కట్టరాదు. ఉఱుములు మొదలుకాకమునుపే ఏరియలును సెట్టునుండి తీసి భూమికి కలుపు స్విచ్చు గోడబయట నుండవలయును. ఉఱుములు మొదలైన పిదప దాని దగ్గఱకు పోరాదు.

ఐదవ పని ఎర్తు. ఇచ్చట మన నేల మనకు చేయు మేలు చూడుడు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి కాలువలు ఈ నేలను తడుపుచున్నవి. నాలుగు బారల లోతుననే నీరు పడు నూతులు మనకు క్రొత్త కావు. రాతినేలవారు ఉప్పును బొగ్గును పోసి యెంతో శ్రమపడి సాధించు ఎర్తును, మనము నూతిగట్టు ప్రక్కన ఆఱడుగుల గొట్టము దింపి పొందవచ్చును. దానికి లావుపాటి రాగితీగను బిగించి, సెట్టు వెనుక 'ఇ' అని గుర్తున్న రంధ్రమునకు తెచ్చి కలుపుడు. రొద తగ్గును, ధ్వని బలమగును. వేసవిలో కాలువలు కట్టివేయు నెలలలో నేల యెండును గావున అప్పుడప్పుడు రెండు బిందెల నీరు పోయుడు. ఉప్పునేల యినుమును తినివేయును. సముద్రము దాపుననున్నవారు ఏటేట గొట్టమును చూచుకొనవలయును. ఇంతకుమున్ను చెప్పిన 'యు' జాతి సెట్టునకు మాత్రము చట్రమునకు నేరుగా ఎర్తు కలుపరాదు. దాని ఎర్తు, ఏరియలు రంధ్రములకు లోపల అడ్డుగా కండెన్సర్లుండును. వానిని క్రొత్తవి వేయించిన పిదపనే తీగలు తగిలింపవలయును.

మన తడినేల మఱొక ఉపకారమును చేయును. పగటివేళ మీడియం వేవు నేలవెంట ప్రాకి వచ్చును. రాతినేలమీద అది త్వరగా సన్నగిల్లును. తడి నేలమీద చాలదూరము నడచును. రాత్రివేళ ఆకాశపు పైపొరలనుండి మరలివచ్చు తరంగముల మూలమున దూరదేశపు కేంద్రములును వినవచ్చును.

పాతసెట్ల పలకమీద మీటర్ల లెక్క యుండును. నేడు కిలోహెర్ట్జుల లెక్క చెప్పుదురు. 3,00,000ను కిలోహెర్ట్జులచే భాగించిన మీటర్లు వచ్చును. విజయవాడ కేంద్రమునకు ఏర్పడిన 837 కిలోహెర్ట్జులు ఈ లెక్కకు 358 మీటర్లు. ముల్లును 350 దాటించి మెల్లగా త్రిప్పుడు. చిటపట రొద మిక్కుటముగా నున్నచో సెట్టును నిందింపకుడు, ఇంటిలోని ఎల్. ఇ. డి. దీపములను, ఫోను చార్జర్లను, ఇన్వర్టరును ఒక్కొక్కటిగా ఆపి చూడుడు. దొంగ తఱచుగా అచ్చటనే దొరకును.

సెట్టు పలికిన పిదప దానిని గోడకు ఆనించక జానెడు ఎడమిచ్చి బల్లమీద నుంచుడు. వాల్వుల వేడి వెడలిపోవలయును. వానకాలములో వారమున కొకసారియైన గంటసేపు దగ్గఱ కూర్చుండి వినుడు. ఆ వేడియే లోపలి తేమను తఱుముచుండును. వాడుక లేక దాచిన సెట్టుకంటె వాడుకలోనున్న సెట్టే మన దేశమున ఎక్కువకాలము బ్రదుకును. ఇంకొక మాట: కరెంటు పోయిన తుపాను రాత్రి ఈ పెట్టె మూగయే. హెచ్చరికలు వినుటకు బ్యాటరీతో నడుచు చిన్న ట్రాన్సిస్టరు నొకదానిని వేఱుగా ఉంచుకొనుట మఱవకుడు.

కడపట, వాల్వుల పేర్లును, వాని స్థానములును, కండెన్సర్లు మార్పించిన సంవత్సరమును, చట్రములో కరెంటున్నదో లేదో ఆ సంగతియు ఒక కాగితముమీద స్పష్టముగా తెలుగులో వ్రాసి, వెనుక అట్టకు లోపలివైపున అంటింపుడు. తాతగారు మనకు అట్టి కాగితము ఉంచిపోలేదు. మన మనుమలు ఆ పెట్టెను విప్పినపుడు వారి చేతికి అపాయము లేకుండ చేయునది ఆ కాగితమే.