ఇంకో అరగంటే కదా!

సాయంత్రం అయిదున్నర దాటింది. చార్మినార్ చుట్టుపక్కల హలీం భట్టీల ముందు జనం మూగుతున్నారు. అక్కడే ఓ బట్టల దుకాణంలో గల్లాపెట్టె ముందున్న పెద్దాయనకు చెయ్యి సన్నగా వణుకుతోంది. కాలరు చెమటకు తడిసింది. చిల్లర లెక్క రెండుసార్లు తప్పింది. షుగర్ పడిపోతోందని ఆయనకూ తెలుసు. అయినా ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకు ‘ఇంకో అరగంటే కదా’ అని ఓర్చుకుంటున్నాడు.

షుగర్ ఉన్నవాళ్లకు రంజాన్ నెలలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదు. తెల్లవారకముందే సహరీలో తిన్న తిండి మధ్యాహ్నానికే అరిగిపోతుంది. వేసుకున్న మాత్ర మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 2001లో 13 దేశాల్లో, 12 వేల మందికి పైగా మధుమేహుల మీద ‘ఎపిడయార్’ అధ్యయనం జరిగింది. టైప్-2 వాళ్లలో 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా (ఉపవాసం) ఉన్నారు. వాళ్లలో ఆసుపత్రిలో చేరాల్సినంతగా షుగర్ పడిపోయిన సందర్భాలు మామూలు నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగాయి. ఇంతమంది ఎలాగూ ఉంటారని తెలిశాక ‘ఉపవాసం వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే వైద్యం ఎవరికీ ఉపయోగపడదు.

అందుకే రోజా ఎప్పుడు విడవాలో నెల మొదలవకముందే తేల్చుకోవాలి. మీటర్‌లో 70కి తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు ఉపవాసం ఆపేయాల్సిందే. వణుకు, చెమట, తికమక మొదలైతే అంకె కోసం ఆగనక్కర్లేదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇఫ్తార్ సైరన్‌కు అయిదు నిమిషాలే ఉన్నా ఇదే లెక్క. ఈ అంకెలు ఇంట్లో వాళ్లకూ, దుకాణంలో కుర్రాడికీ తెలియాలి. షుగర్ పడిపోయిన మనిషి తనంతట తాను సరైన నిర్ణయం తీసుకోలేడు.

వేలు కుట్టి రక్తం చూసుకుంటే రోజా పోతుందన్న భయం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. పోదు. ఇన్సులిన్ సూదితోనూ పోదన్నదే అత్యధిక ఉలమాల (మతపండితుల) మాట. ఖురాన్‌లోని బఖరా అధ్యాయం జబ్బుపడినవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. తప్పిన రోజాలు తర్వాత ఖజాగా పూర్తి చేసుకోవచ్చు. ఎప్పటికీ ఉండలేనివాళ్లు ఫిద్యాగా పేదలకు అన్నం పెట్టొచ్చు. ఈమధ్యే షుగర్ బాగా పడిపోయి ఆసుపత్రి పాలైనవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, ఇన్సులిన్ వాడే గర్భిణులు, షుగర్ అదుపులో లేని టైప్-1 వాళ్లు ఈ మినహాయింపు వాడుకోవడమే మంచిది.

మందుల సంగతి సొంతంగా తేల్చుకునేది కాదు. మెట్‌ఫార్మిన్‌తో షుగర్ పడిపోయే భయం తక్కువ. మూడుపూటలా వేసుకునేవాళ్లకు మధ్యాహ్నం మాత్రను సాధారణంగా ఇఫ్తార్‌కు మారుస్తారు. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పాతతరం మాత్రలతోనే చిక్కు. వాటిని మార్చడమే మేలు. మూత్రంలో షుగర్‌ను పంపేసే గ్లిఫ్లోజిన్లు ఒంట్లో నీటినీ లాగేస్తాయి కాబట్టి రంజాన్ ముంగిట కొత్తగా మొదలుపెట్టకూడదు. ఇన్సులిన్ మోతాదు, ముఖ్యంగా సహరీ వేళది, డాక్టరే తగ్గించి రాయాలి.

పగలంతా పడిపోతుందేమోనని భయపెట్టిన షుగర్ రాత్రి మూడొందలు దాటడం ఈ నెలలో మామూలే. ‘హలీం అంటే మాంసమే కదా’ అంటారు. గోధుమలు లేకుండా హలీం ఎక్కడిది? చిన్న గిన్నెడు తింటే తప్పులేదు. దాని వెనకే గులాబీ షర్బత్, పకోడీలు, బిర్యానీ, ఖుబానీ కా మీఠా వరస కడితేనే కొంప మునిగేది. ఒకటి రెండు ఖర్జూరాలు, నీళ్లతో మొదలుపెట్టండి. నమాజ్ తర్వాత మామూలు భోజనం చాలు. సహరీ మానేసి పడుకోవడం మాత్రం శుద్ధ పొరపాటు. సమయం ముగిసేముందు లేచి తినండి. ఖిచిడీ తగ్గించి ఖీమా పెంచుకుంటే ఆకలి ఆగుతుంది. రాత్రి చేసే తరావీహ్ నమాజే వ్యాయామం, ఇఫ్తార్‌కు ముందు సాయంత్రం నడక ఈ నెల వద్దు.

రంజాన్‌కు ఆరేడు వారాల ముందే మందుల చీటీ, మీటర్ రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయన అడగకపోయినా ‘నేను రోజా ఉంటాను, ఏం మార్చాలి?’ అని మీరే అడగండి.