మోకాటి నొప్పికి వెలుగు, వెలుగుకు కొలత

నర్సీపట్నమునుండి లంబసింగి ఘాటు నెక్కి చింతపల్లి చేరువాడు సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైబడిన పీఠభూమిపై నడుగిడును. అయినను అచ్చటినుండి కాఫీతోటకు గాని, రాజ్మా చేనికి గాని, మిరియపుతీగ లల్లుకొనిన సిల్వర్ ఓక్ చెట్ల క్రిందికి గాని పోవలెనన్నచో మరల నెక్కుటయో దిగుటయో తప్పదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన దళముతో వచ్చి పోలీసుఠాణాను ముట్టడించి తుపాకులను గొనిపోయిన యీ యూరిని చరిత్రకారు లెఱుగుదురు. మోకాళ్ళ వైద్యు లంతగా నెఱిగినట్లు లేదు. కావడి మోయువాడును, తలపై మూటతో సంతకు దిగు స్త్రీయు, గొంతుకూర్చుండి కలుపు దీయు ముదుసలియు మోకాలు వంగని నాడు పని మాని యింటిపట్టున నుండవలసినవారే.

అట్టి మోకాలు అరిగి వాచినప్పుడు కొండవాడు మొదట పసరుకట్టును, పిమ్మట మాత్రలను ఆశ్రయించి, అప్పటికిని ఉపశమింపకున్నచో కొండ దిగి నగరమునకు బోవును. విశాఖపట్నము వంటి నగరములందలి ఫిజియోథెరపీ కేంద్రములలో వ్యాయామము, కరెంటు పెట్టుట, అల్ట్రాసౌండు మున్నగువానితోపాటు ‘లేజర్ పెట్టుట’ కూడ నేడు వాడుకలోనికి వచ్చినది. ఈ చికిత్స ఒక్క పూటతో ముగియునది కాదు. వారమునకు రెండు మూడు మారుల చొప్పున కొన్ని వారములు సాగును. చింతపల్లినుండి వచ్చువానికి యంత్రపు రుసుముకంటె బస్సుచార్జీయు, పోయిన కూలియు, తోడువచ్చిన మనిషి భోజనమును మిక్కుటమగును. కావున ఈ వెలుగు నిజముగా పనిచేయునా, పనిచేసినదని యెవరు, దేనితో కొలిచి చెప్పినారు అను ప్రశ్న పండితుల వినోదమునకు పుట్టినది కాదు.

లేజరునకు మూలమైన సూత్రమును 1917లో ఐన్‌స్టీను ప్రతిపాదింపగా, 1960 మే 16న అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికముతో మొదటి లేజరును వెలిగించెను. కొలది సంవత్సరములకు బుడాపెస్టు నగరమున ఎండ్రె మెస్టర్ అను వైద్యుడు, లేజరుచే కంతులు కరగునని అమెరికాలో వెలువడిన ప్రయోగమును తానును చేసిచూడ దలచి, ఎలుకల వీపున వెండ్రుకలు గొరిగి ఆ కాంతిని ప్రసరింపజేసెను. ఆయన యంత్రము బలహీనమైనది, కంతులు కరగలేదు. అయితే గొరిగినచోట వెండ్రుకలు మాత్రము తక్కిన యెలుకలకంటె వేగముగా మొలిచెను. 1967లో ప్రకటితమైన ఈ యనుకోని ఫలితమే, కోయని, కాల్చని, చర్మమును వేడెక్కింపనైనను వేడెక్కింపని అల్పతీవ్రతా లేజరు చికిత్సకు నాంది.

కంటికి ఎఱ్ఱగా తోచు కాంతియు, దానికి ఆవలనుండు కనబడని పరారుణ కాంతియు చర్మమును దాటి కొంతలోతు చొరగలవు. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా యందలి సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను ఎంజైము ఈ కాంతిని గ్రహించునని, తన్మూలమున వాపు తగ్గి గాయము మానుట త్వరపడునని పలువురు పరిశోధకులు భావించుచున్నారు. ఇందు మోతాదే ప్రాణము. 100 మిల్లీవాట్ల యంత్రమును ఒక బిందువుపై 40 సెకనులు ఆనించినచో 4 జౌళ్ళ శక్తి లోనికి బోవును. 10 సెకనులకే తీసివేసినచో 1 జౌలు మాత్రమే. మరీ తక్కువైన ఫలము లేదు, మరీ ఎక్కువైనను ఫలము నశించునని ప్రయోగశాలలలో కనుగొనిరి. పైగా చర్మమునందలి నల్లని వర్ణద్రవ్యము ఎఱ్ఱకాంతిని కొంత తానే మ్రింగివేయును, పరారుణమును అంతగా మ్రింగదు. కావున తెల్లని చర్మముపై నిర్ణయించిన మోతాదును ఎండలో కమిలిన మన్యపు మోకాటికి కన్నుమూసికొని వర్తింపజేయుట తగదు. ఏండ్లు గడచినకొలది యంత్రముల వెలుగు తఱుగుచుండుటయు గలదు. దానిని అప్పుడప్పుడు పవర్‌మీటరుతో పరీక్షింపనిచో డబ్బాపై వ్రాసిన అంకెకును రోగికి చేరిన శక్తికిని పొత్తు కుదరదు.

ఈ మోతాదు గొడవయే పరిశోధనల ఫలితములను తారుమారు చేసినది. అరిగిన మోకాళ్ళపై జరిగిన పరీక్షలను గుదిగ్రుచ్చి చూచిన 2015 నాటి యొక సమీక్ష లేజరువలన ప్రయోజనము నిరూపితము కాలేదని తేల్చెను. 2019లో వెలువడిన మఱియొక సమీక్ష 22 పరీక్షలను, 1063 మంది రోగులను తీసికొని, తగిన మోతాదు ఇచ్చినవానిని ఇయ్యనివానినుండి వేఱుచేసి లెక్కించెను. అన్నిటిని కలిపి చూచినప్పుడు 100 మిల్లీమీటర్ల నొప్పిగీతపై ఉత్తుత్తి చికిత్సకంటె నిజచికిత్స సుమారు 14 మిల్లీమీటర్లు అధికముగా నొప్పిని తగ్గించెను. రోగికి తేడా తెలియవలెనన్న సుమారు 20 కావలెనని ఆ సమీక్షకులే పెట్టుకొనిన హద్దు. తగిన మోతాదు ఇచ్చిన పరీక్షలలో మాత్రము, చికిత్స ముగిసిన రెండునుండి నాలుగు వారములకు ఆ హద్దు దాటినది. ఇంతటితో వివాదము సమసినదనుకొనరాదు: బ్రిటనునందలి వైద్యప్రమాణ సంస్థ 2022లో కీళ్ళ అరుగుదలకు లేజరును ఇయ్యవలదనియు, ఆధారములు చాలవనియు, వ్యాయామమే ముఖ్యచికిత్స యనియు చెప్పినది.

ఉత్తుత్తి చికిత్స యంటిని. పరారుణ లేజరు కంటికి కానరాదు, చర్మమునకు వెచ్చగా తగులదు. కావున రెండు యంత్రములలో ఒకదాని వెలుగును లోలోపల ఆపివేసినచో, ఏది నిజమైనదో రోగికిగాని, దానిని పట్టుకొనిన ఫిజియోథెరపిస్టుకుగాని తెలియదు. వ్యాయామమును, మర్దనమును ఇట్లు మఱుగుపఱచి పరీక్షింప నెవ్వరి తరము? ఈ విషయమున లేజరు పరీక్షకునకు దొరికిన వరము. దీని యావశ్యకత చింతపల్లిలో మఱింత యెక్కువ. కాఫీపండ్లు కోయు కార్తీక మార్గశిరములలో దినమెల్ల వాలుపై నిలిచి బుట్ట నింపిన స్త్రీకి మోకాటిపోటు పరాకాష్ఠ నందును. అప్పుడే ఆమె వైద్యునికడకు బోవును. కోత ముగిసి మాఘము వచ్చుసరికి, లేజరు పెట్టినను పెట్టకున్నను, ఆ పోటు కొంత దానంతట నదియే దిగును. పోల్చిచూచుటకు రెండవ గుంపు లేని పరీక్షలో ఆ యశస్సంతయు యంత్రమునకే దక్కును.

ఇక కొలతల సంగతి. లోకమంతట మోకాళ్ళ పరీక్షలలో వాడబడుచున్న ప్రశ్నావళి వోమాక్. 1982లో కెనడాలో రూపొందిన దీనిలో 24 ప్రశ్న లున్నవి: నొప్పిని గూర్చి 5, బిగువును గూర్చి 2, పనులను గూర్చి 17. మేడమెట్లు దిగునప్పుడు కష్టమా, కారెక్కునప్పుడు కష్టమా, మేజోళ్ళు తొడిగికొనునప్పుడు కష్టమా, స్నానపుతొట్టిలో దిగునప్పుడు కష్టమా అని అది అడుగును. లంబసింగి చలికి మేజోళ్ళు తొడిగికొనుట తప్పు గాదు గాని, చింతపల్లి చుట్టుపట్ల గూడెములలోని ముసలమ్మకు స్నానపుతొట్టియు కారును ఏల? ఆమె కాళ్ళకు పరీక్ష గొంతుకూర్చుండుట, బాసిపట్టు వేసికొనుట, నీటిబిందెతో గట్టెక్కుట. గొంతుకూర్చుండుటకును బాసిపట్టునకును మోకాలు సుమారు 110 నుండి 165 డిగ్రీలవఱకు వంగవలెను. కుర్చీనుండి లేచుటకు అంత అక్కఱలేదు. ఈ లోపమును గుర్తించియే పూణే నగరమందలి కీళ్ళవ్యాధుల కేంద్రమువారు మనదేశపు అలవాట్లకు సరిపడునట్లు ఆ ప్రశ్నావళిని సవరించిరి. మన్యమునకు మఱియొక సవరణ కావలెనని నా యభిప్రాయము.

కోణమును కొలుచు గోనియోమీటరు రెండు చేతులుగల చిన్న పరికరము. రోగిని వెల్లకిల బరుండబెట్టి, దాని కీలును మోకాటి వెలుపలిప్రక్కకు సరిగా నానించి, ఒక చేతిని తుంటివద్దనుండు తొడయెముక గుబ్బవైపును, రెండవదానిని చీలమండ గుబ్బవైపును సారించి, మడమను పిఱుదులవైపునకు జరుపుమని చెప్పి అంకె చదువుదురు. కీలు వ్రేలెడు జరిగినను లెక్క మారును. ఒకే మోకాటిని ఇద్దఱు కొలిచినచో 5 డిగ్రీల తేడా సామాన్యము. కావున 4 డిగ్రీల మెఱుగుదల చూపి కొనియాడు ప్రకటనను నమ్మనక్కఱలేదు. నడక పరీక్షలలో ఆఱు నిమిషముల నడకకు 30 మీటర్ల చదునైన వసారా కావలెనందురు. నొప్పికి 10 సెంటీమీటర్ల గీత గీచి, సున్న యీ కొస, భరింపరాని నొప్పి ఆ కొస యని చెప్పి గుర్తుపెట్టుమందురు. కలము పట్టనివారికి ఆ గీత యొక చిక్కు. అయితే తెనుగువారికి నొప్పిని లెక్కించుట రాదనుకొనుట పొరపాటు: “రూపాయిలో ముప్పావలా వంతు తగ్గిందండి, పావలా ఉండిపోయింది” అని చెప్పు రోగి, మొదటి నొప్పిలో నూటికి డెబ్బదియైదు వంతులు తగ్గినట్లు ఖండితముగా చెప్పినవాడే. ఆ పావలాలను శాస్త్రీయముగా సరిచూచి వాడుకొనినచో ఆ కొలబద్ద యిచ్చటివారికి ఆ గీతకంటె తేలికగా బోధపడును.

గిరిజనులనడుమ పరీక్ష యన్నప్పుడు భద్రాచలమును మఱవరాదు. 2009లో, భద్రాచలముండిన నాటి ఖమ్మముజిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరు నివారణటీకాను వేలకొలది బాలికలకు ఇచ్చు పథకమున, తల్లిదండ్రుల సమ్మతికి మాఱుగా వసతిగృహాధికారులు, ప్రధానోపాధ్యాయులు చేవ్రాలు చేసిన సంగతి బయటపడి, 2010 ఏప్రిలులో అది నిలిచిపోయెను. టీకా పొందిన కొందఱు బాలికల మరణములకు టీకాతో సంబంధము కానరాలేదని విచారణలో తేలినను, సమ్మతి విషయమున జరిగిన అక్రమమును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా గర్హించెను. లేజరు టీకా కాదు, ప్రమాదము స్వల్పము. అయినను ఉత్తుత్తి గుంపులో పడవచ్చునని, ఇష్టము లేకున్న మానుకొనవచ్చునని రోగికి తన భాషలో, తనకే చెప్పవలెను. 2009 జూనునుండి మనదేశమున ఔషధపరీక్షలను ముందుగానే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయవలసియున్నది. ఆ జాబితాను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును.

లేజరు గారడి కాదు. ఒక కాఫీపంట సొమ్మంతయు ధారపోయుటకు తగిన సిద్ధౌషధమును కాదు. తొడకండరమునకు బలమిచ్చు వ్యాయామము ఇంటనే, కాణీ ఖర్చు లేక చేయదగినది. లేజరు దానికి తోడు కావచ్చును, బదులు కాదు. చికిత్సకు పోదలచినవారు ముందుగా తరంగదైర్ఘ్య మెంత, ఒక్కొక్క బిందువునకు ఎన్ని జౌళ్ళు అని అడుగుడు. మొదటినాడు మోకాలు ఎంతవఱకు వంగినదో, ఎంతసేపు గొంతుకూర్చుండగలిగితిరో కాగితముపై వ్రాయించుకొని, చివరినాడు ఆ చేతితోనే మరల కొలిపించుకొనుడు. కాంతి కనబడకున్నను కంటి లోపొరను గాయపఱచగలదు గనుక రోగికిని, చికిత్స చేయువారికిని రక్షక కళ్ళద్దములు లేని చోట కూర్చుండవలదు. గర్భిణీస్త్రీల పొట్టపైనను, క్యాన్సరు గడ్డలున్నచోటను దీనిని ప్రయోగింపనీయవలదు.