నూనెను అడుగుదాము

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. పరదేశాల నుంచి అక్కడ దిగే చుట్టాల పెట్టెల్లో ఒక్కొక్కసారి ఆలివ్ నూనె సీసా ఉంటుంది. "ఇది ఒంటికి చాలా మంచిది" అంటారు వాళ్లు. "మన నువ్వుల నూనెకు మించినది లేదు" అంటుంది నాయనమ్మ. ఎవరి మాట నమ్మాలి?

నూనెనే అడుగుదాము! విమానాశ్రయం నుంచి హైదరాబాదుకు వచ్చే దారిలో రాజేంద్రనగరం ఉన్నది. నువ్వులు, ఆముదాలు, కుసుమలు, పొద్దుతిరుగుడు మొదలైన పంటల మీద 1977 నుంచి పనిచేస్తున్న భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ అక్కడే ఉన్నది. నూనెను పరీక్షించే శాస్త్రజ్ఞులు ఎక్కడివారైనా దానిని మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఉన్నదా?

నువ్వుల మొక్క తన గింజలో సెసమిన్, సెసమోలిన్ అనే పదార్థాలను దాచుకుంటుంది. నువ్వుల నూనె త్వరగా చెడువాసన పట్టకపోవటానికి ఈ జాతి పదార్థాలే ముఖ్య కారణం. ఘాటైన ఆమ్లమూ, ఫర్‌ఫ్యురాల్ అనే ద్రవమూ చేర్చి కుదిపితే నువ్వుల నూనె ఎర్రని రంగు చూపుతుంది. దీనిని బౌడోయిన్ పరీక్ష అంటారు. వనస్పతిని నేతిలో కలిపి అమ్మే మోసగాళ్లను పట్టుకోవటానికి ఇది ఎంతో ఉపయోగపడింది. ఎలాగంటారా? వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వుల నూనె కలిపి తీరాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. ఇక నెయ్యి ఎర్రబడిందా, దొంగ దొరికినట్లే! ఆ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది గనుక ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు.

రెండవ ప్రశ్న: ఎంత ఉన్నది?

సుద్దముక్క అడుగుకు కొంచెం పైన నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీత గీసి, గీత తడవకుండా కొద్దిపాటి నీళ్లలో నిలబెట్టండి. నీరు పైకి పాకుతూ నలుపులో దాగిన రంగులను వేరు చేస్తుంది. ఆకులలోని రంగులను వేరు చేయటానికి రష్యా శాస్త్రజ్ఞుడు త్స్వెట్ కూడా గాజు గొట్టంలో సుద్దపొడినే వాడాడు. ఆ పద్ధతిని ఆయన 1903లో వివరించాడు.

నేటి యంత్రమూ ఆ బాటలోదే. ఆలివ్ నూనెను మిథనాలూ నీళ్లూ కలిపిన ద్రవంతో బాగా కుదుపుతారు. ఫినాల్ జాతి పదార్థాలు ఆ ద్రవంలోకి దిగి వస్తాయి. దానిని సన్నని ఉక్కు గొట్టంలోకి పంపుతో తోస్తే ఒక్కొక్క పదార్థం తన వేళకు బయటికి వస్తుంది. కాగితం మీద కొండల వంటి గీతలు పడతాయి. కొండ ఎంత పెద్దదైతే పదార్థం అంత ఎక్కువ. తూకం తెలిసిన నమూనాతో పోల్చి లెక్క కడతారు.

మూడవ ప్రశ్న: అంతతో మేలు కలుగుతుందా?

తాజా ఆలివ్ నూనె గొంతులో చురుక్కుమంటుంది. ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు కూడా అంతే. ఆ చురుకుకు కారణమైన ఒలియోకాంథాల్ ఆ మందు వలెనే పనిచేస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు గారీ బోషాంప్, ఆయన తోటివారు 2005లో ప్రకటించారు. అయితే రోజుకు 50 గ్రాముల నూనె తాగినా, నొప్పికి పెద్దలు వాడే మోతాదులో సుమారు పదో వంతే అందుతుందని వారే లెక్క కట్టారు. అంత నూనెతో 450 కాలరీలు కూడా ఒంట్లో చేరతాయి! మొదటి ప్రశ్నతోనే ఆగి ఉంటే ఆలివ్ నూనెను మందు సీసా అనుకునేవాళ్లం.

అందుకే ఐరోపా దేశాలు 2012లో ఒక నియమం చేశాయి. 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరొసాల్ జాతి పదార్థాలు ఉంటేనే, అవి రక్తంలోని కొవ్వును కాపాడతాయని సీసా మీద వ్రాయవచ్చు.

ఈసారి అంగడికి వెళ్లినప్పుడు సీసా మీద ఏమి వ్రాశారో చదవండి. ఉన్నదా? ఎంత ఉన్నది? అంతతో మేలు కలుగుతుందని ఎవరైనా పరీక్షించి చూశారా? ఈ మూడు ప్రశ్నలూ చుట్టాల సీసాకూ వర్తిస్తాయి, నాయనమ్మ సీసాకూ వర్తిస్తాయి.